గాజీమియ్యా చరిత్రము : ‘మిరాతె మసూదీ’ ప్రామాణ్యవిమర్శ

సరయూనదికి నుత్తరమున బహరాయిచి యను పట్టణము కలదు. అచ్చట సాలార్ మసూదు అను యోధుని సమాధి యున్నది. జనులు వానిని గాజీమియ్యా యనియు, బాలేమియ్యా యనియు ముద్దుపేళ్లతోఁ బిలుతురు. గజనీ సుల్తాను మహమ్మూదునకు మేనల్లుఁడై, పదునెనిమిదేండ్ల ప్రాయమున హిందూదేశమున యుద్ధము చేసి క్రీ. శ. 1033లో నిహతుఁడయ్యె నని యాతని చరిత్రము. కత్తి పట్టిన దండనాథుఁడుగాను, గ్రుడ్డివారికిఁ గన్నులిచ్చు సిద్ధుఁడుగాను, పెండ్లి నడుమనే లేచిపోయిన పెండ్లికొడుకుగాను నాతఁడు ప్రసిద్ధుఁడు. ఇందేది చరిత్రమో, యేది కావ్యమో, యేది జనుల వాడుకయో విడఁదీయక కొందఱు స్తోత్రములును, కొందఱు నిందలును వ్రాయుచున్నారు. ఇరుదెఱఁగులవారికిని మూలగ్రంథ మొక్కటియే. దాని బలాబలములను బరీక్షించుటకే యీ వ్యాసము.

ఆ గ్రంథము పేరు ‘మిరాతె మసూదీ’. మిరాతు అనఁగా నద్దము. మన యాలంకారికులు దర్పణమని పేరు పెట్టినట్టిదే. కర్త అబ్దుర్రహమాన్ చిష్తీ. జహంగీరు పాదుషా యేలుబడిలో (1605–1627) దీనిని బారసీకభాషలో రచించెను. ఈతఁడు సామాన్యుఁడు కాఁడు. సూఫీగురువుల చరిత్రములను ‘మిరాతుల్ అస్రార్’ అను పెద్దగ్రంథమునఁ గూర్చినాఁడు. భగవద్గీతను దన మతసిద్ధాంతమున కనుగుణముగఁ బారసీకమునకుఁ దెచ్చినాఁడు. పార్వతీపరమేశ్వర సంవాదరూపమగు నొక సృష్టివిషయక గ్రంథమును గూడఁ దన భాషలో వ్రాసినాఁడు. సంస్కృతవాఙ్మయమునకు దూరపుబంధువనఁదగిన యిట్టివాని మాటను దేలికగాఁ ద్రోసివేయరాదు. అట్లే పరీక్షింపక శిరసావహింపను రాదు.

ఈతఁడు తన యాధారములను దానే చెప్పుకొనియున్నాఁడు. మహమ్మూదు కాలమున ముల్లా మహమ్మద్ గజ్నవీ యను నాతఁడు వ్రాసిన ‘తవారీఖె మహమ్మూదీ’ మొదటిది. పూర్వవృత్తాంతము లెఱిఁగిన యొక బ్రాహ్మణుఁడు తెలిపిన హిందూభాషాగ్రంథవిషయములు రెండవవి. ఆ గాజీయొక్క యాత్మయే తనకుఁ బ్రేరణ యిచ్చె ననుట మూఁడవది. మూఁడవదానిని గుఱించి విమర్శకునకు మాటలాడు నధికారము లేదు. రెండవది పరంపరాగతమైన వినికిడి. ఇఁక మొదటిదో, ఆ తవారీఖుయొక్క ప్రతి యిప్పటిదాఁక నెచ్చటను దొరకలేదు. చచ్చిన సాక్షి సంతకము చూపి వాదము గెలువఁజూచినట్లున్నది. సంఘటనకును గ్రంథరచనకును నడుమ నించుమించు ఆఱునూఱేండ్లు గడచినవి. మన కవిత్రయమునకును మనకును నడుమ నున్న యెడ మింతకంటెను గొంత యెక్కువయే. అంత యెడమున నొకఁడు మధ్య నాధారము లేక నన్నయ సంభాషణములను దినవారిగా వ్రాసినచో నే పండితుఁడు విశ్వసించును?

కథ యిది. మహమ్మూదుని సేనానియగు సాలార్ సాహూ అజ్మీరున నుండఁగా, సుల్తాను సోదరియందు 1015లో మసూదు పుట్టెను. మేనమామ కొలువునఁ గొంతకాల ముండి, మంత్రి యసూయవలన నచ్చట నిలువనొల్లక, పరివారముతో సింధునది దాఁటి, ఢిల్లీ, మీరట్టు, కన్నోజుల మీఁదుగా సత్రిఖు చేరి, పిదప బహరాయిచికి వచ్చెను. అచ్చటి సూర్యకుండమను చెఱువు చెంత నొక యిప్పచెట్టునీడ యాతని మనసును లాగెను. చుట్టుపట్ల రాజులు గుమిగూడి పోరిరి. హిజరీ 424 రజబు 14వ నాఁడు బాణము నాటఁగా, సికందర్ దీవానా యను ననుచరుఁడు తలను దన తొడపైఁ జేర్చుకొన, ఆ యిప్పచెట్టుక్రిందనే ప్రాణములు విడిచెను. ఎదుటిపక్షపు రాజులలో ముఖ్యుఁడు సుహల్‌దేవుఁడు.

కావ్యముగాఁ జూచిన నిందలి కూర్పు మెచ్చఁదగినది. వచ్చిననాఁడే యాతఁ డా చెట్టునీడను గోరుట, కడపట నచ్చటనే పడుట, వీరము కరుణమున విశ్రమించుటకుఁ జక్కని బీజనిక్షేపము. పెద్దసేనలు, పెద్దమాటలు గల గ్రంథమున నొక చెట్టును, నొక సేవకుని తొడను జదువరి మఱవఁడు. కాని తేదులు, స్థలనామములు విరివిగా నిచ్చినందున దీనిని జరిత్రమని నమ్మినవారు మోసపోయిరి. అజ్మీరు విషయమునే చూడుఁడు. ఆ నగరమును నిర్మించినవాఁడు చాహమానుఁడగు నజయరాజని జయానకుని ‘పృథ్వీరాజవిజయము’ చెప్పుచున్నది. అజయరాజు పండ్రెండవశతాబ్ది తొలిపాదమువాఁడు. అట్టి యజయమేరువున 1015లో గజనీ సేనాని కాపురముండి కొడుకును గనె నను మాట కథకుని కాలపు భూగోళమునుండి పుట్టినదే కాని గజనీ కాలపు భూగోళమునుండి పుట్టినది కాదు. జహంగీరునాఁటి చిష్తీ భక్తునకు అజ్మీరు ఖాజా మొయినుద్దీన్ సమాధిచేతఁ బరమపవిత్రము. తన నాయకుఁ డచ్చటఁ బుట్టుట యాతనికి న్యాయముగాఁ దోఁచియుండును.

ఇఁక సమకాలికుల మౌనము. దీనిని బలువురు వాదమునకుఁ దెచ్చిరి గాని, తెచ్చిన తీరు సరిగా లేదు. ఉత్బీ చెప్పలేదు, అల్బెరూనీ చెప్పలేదు అని లెక్క పెట్టుదురు. ఉత్బీ గ్రంథము మహమ్మూదు బ్రదికియుండఁగనే ముగిసినది. అల్బెరూనీ హిందూదేశవర్ణనము 1030 ప్రాంతమునఁ బూర్తియైనది. 1033నాఁటి మరణమును వారు చెప్పలేదనుట వాదదోషము. అనుపలబ్ధి ప్రమాణము కావలెనన్నచో నది యోగ్యానుపలబ్ధి కావలెనని మన మీమాంసకు లెఱుఁగుదురు: ఉన్నయెడలఁ గనఁబడవలసినదియై కనఁబడకుండవలెను. అట్టి యోగ్యత గల సాక్షి బైహకీ. ఆతని బృహద్గ్రంథమునఁ జాలభాగము నశించినను, మిగిలినభాగము సుల్తాను మసూదు పాలనమునకు (1030–1041) సంబంధించినదే. హిందూదేశమున గజనీ సేనాపతియగు అహమ్మద్ నియాల్తిగిను కాశివఱకు దండు వెడలి దోఁచిన వృత్తాంతమును నా యేండ్లలోనిదిగనే బైహకీ చెప్పినాఁడు. తన యేలికకు మేనత్తకొడుకును, పేరునఁ గూడ మసూదే యైన యొక రాజకుమారుఁడు సరయూతీరమున సేనలతో నశించియుండఁగాఁ బేరైన నెత్తకుండు టసంభవము. కావున సుల్తానుతోడి మేనఱికము నమ్మరానిదని మా యభిప్రాయము. అంతమాత్రమున నచ్చట నే యోధుఁడును జావలేదని చెప్పుట గూడ సాహసమే. ఆ కాలమున గంగా సరయూ మధ్యదేశమున దండులు తిరిగినవి. దండులలోఁ జచ్చినవారు పలువురు.

మనుష్యునకు లేని ప్రమాణము సమాధికిఁ గలదు. ఇచ్చట విమర్శకుఁడు గొంతు మార్చవలెను. పదుమూఁడవశతాబ్ది తుదినాఁటికే అమీరు ఖుస్రో బహరాయిచి యమరసేనాని సమాధి పరిమళమును బ్రస్తావించినాఁడు. 1341 ప్రాంతమున మహమ్మదు బిన్ తుగ్లకు ఆ సమాధిని దర్శించెననియు, జనసమ్మర్దముచేత లోనికిఁ బోవుట దుర్ఘటమయ్యెననియు స్వయముగ వెంట నున్న యిబ్న్ బతూతా వ్రాసినాఁడు. 1374లో ఫిరోజి షా తుగ్లకు అచ్చటికిఁ బోయి, కలలో గాజీని గాంచి, తల గొఱిగించుకొనెనని అఫీఫు చెప్పుచున్నాఁడు. సికందరు లోడీ (1489–1517) ఆ యీటెల యూరేగింపు మతవిరుద్ధమని నిషేధించెను. అక్బరు పట్టమునకు వచ్చిన క్రొత్తలో ఆగరాచెంతఁ గూడిన బహరాయిచి యాత్రికులను జూడ రాత్రి మాఱువేషమునఁ బోయి, యొకఁడు గుర్తింపఁగాఁ గన్నులు మెల్లగా మార్చి తప్పించుకొనెనని అబుల్ ఫజలు వినోదముగా వ్రాసినాఁడు. తులసీదాసు ‘దోహావళి’లో, ఏ గ్రుడ్డికిఁ గన్నువచ్చినది, ఏ గొడ్రాలికి బిడ్డ పుట్టినది, ఐనను లోకము బహరాయిచికిఁ బోవుచున్నదే యని పరిహసించినాఁడు. వీరందఱును మిరాతె మసూదీ కంటెఁ బూర్వులు, లేక దానిని జూడనివారు. పాదుషా, కవి, యాత్రికుఁడు, నిషేధించిన సుల్తాను, నలుగురును నలుదెసలనుండి సాక్ష్యమిచ్చుచున్నారు. వేడుకయని, వెఱ్ఱియని, పాపమని, పుణ్యమని వారి యభిప్రాయములు భిన్నములు గాని విషయ మొక్కటియే. అబ్దుర్రహమాను గ్రంథము సమాధిని బుట్టింపలేదు. సమాధియే యా గ్రంథమును బుట్టించినది. ఉన్న యుత్సవమునకు నాయకుని, నాయకునకు వంశమును, వంశమునకు సుల్తానును వెదకి తెచ్చుట యాతఁడు చేసిన పని.

ఉత్సవకాలమును బరిశీలించిన నీ మాట మఱింత దృఢపడును. వీరుఁడు రజబున మరణించె నన్నారు. రజబు చాంద్రమాసము, అధికమాసము లేని హిజరీగణనమున నది ఋతువులన్నిఁటను దిరుగును. ఆ మాసమున సమాధియొద్ద ఉర్సు జరుగుట సరియే. కాని పెద్దతిరునాళ్లు జ్యేష్ఠమాసపు మొదటి యాదివారముతో ముడిపడి యున్నవి. హిజరీ 424 రజబు 14 అనఁగా 1033 జూను నడిమిభాగము. ఆ సంవత్సరమునఁ గర్కాటకసంక్రమణము జూలియను గణనముచే జూను 26 ప్రాంతమునఁ బడును గనుక, నా పున్నమ యాషాఢపూర్ణిమ యగును గాని జ్యేష్ఠమునఁ జేరదు. మరణతిథియే హిందూమాసములోనికి మాఱి జ్యేష్ఠోత్సవ మాయె ననువారి సమాధాన మిట్లు నిలువదు. జ్యేష్ఠమునకు వేఱు కారణము వెదకవలెను.

మిరాతె మసూదీయే యొక జాడ చూపుచున్నది. సూర్యకుండతీరమున ‘బాలారుఖు’ అను మూర్తి యుండెననియు, ఆదివారమున జను లచ్చటఁ గూడుచుండిరనియు గ్రంథకర్త వ్రాసినాఁడు. బాలారుఖు బాలార్కశబ్దభవమని వైయాకరణునకు వేఱుగఁ జెప్పనక్కఱలేదు. రేఫకకారముల నడుమ నుకారము చేరి, కకారము ఖకారమైనది. సూర్యునకు నాదివారము, గ్రీష్మము తగినవే. ఇందుమీఁద నొక సూర్యక్షేత్ర ముండెనని యూహింపవచ్చును. కాని యూహ యూహయే. చెప్పినవాఁడు మరల నా పదునేడవశతాబ్దివాఁడే కదా! అజ్మీరు విషయమున నాతనిని నమ్మక, సూర్యకుండవిషయమున నమ్ముట యర్ధజరతీయము. శబ్దవ్యుత్పత్తి చూపి యిటుకలను ద్రవ్వినట్లు సంతసించు నలవాటు మనవారిలోఁ గలదు. బహరాయిచి బ్రహ్మశబ్దమునుండి పుట్టెనని కొందఱు, భరుజాతి పేరునుండి పుట్టెనని కొందఱు పోరాడుచున్నారు. వ్యాకరణము శబ్దము నడచిన దారి చెప్పును గాని, భూమిలోపల నేమున్నదో చెప్పదు.

ఇఁక గాథలకు వత్తము. నా దృష్టిలో నీ చరిత్రమునందలి సారమంతయు నిచ్చటనే యున్నది. దఫాలీలను గాయకులు డప్పువంటి దఫు వాయించుచు వీథివీథి నీ పాటలను బాడుదురు. గ్రీవెనను దొరతనపు టుద్యోగి పంచపీరుల కథలతోఁ గలిపి వీనిఁ గాశీప్రాంతమున వ్రాయించి, గడచిన శతాబ్దికి ముందు, 1890ల దశాబ్దిలోఁ బ్రకటించెను. 2015లో షాహిద్ అమీను అను చరిత్రపండితుఁడు గాజీమియ్యా మరణానంతర ప్రసిద్ధిని గుఱించి వ్రాసిన యాంగ్లగ్రంథమున నీ గాథలకుఁ దగిన పీట వేసినాఁడు. పారసీకగ్రంథమునఁ గనఁబడని గాజీ యిచ్చటఁ గనఁబడును. రుదౌలీ గ్రామమున జొహరాబీబీ యను గ్రుడ్డిపిల్ల యాతని మహిమచేఁ గన్నులు వడసి యాతనికే తన్ను ధారపోసికొన్నది. పెండ్లిపందిట వరుఁడు కూర్చుండియుండఁగా నందుఁడను గొల్లపెద్ద యిల్లాలు జాసో నెత్తుటఁ దడిసిన బట్టలతో వచ్చి, సుహల్‌దేవుఁడు గొల్లలను జంపి యావులను దోలుకొనిపోయినాఁడని మొఱపెట్టినది. వరుఁడు కంకణముతోనే లేచి గుఱ్ఱ మెక్కినాఁడు, మరలి రాలేదు. ఆ పెండ్లి యేఁటేఁట జ్యేష్ఠమునఁ బ్రారంభమై యేఁటేఁట నేదో గాలివాన వలనఁ బూర్తికాక నిలిచిపోవునని జనుల నమ్మిక. వధువు పక్షమున మంచము, పీఁట మొదలగు సారెను మోసికొనిపోవు పరివారములు తరతరములుగఁ దరలివచ్చుచుండెను. జ్యేష్ఠము పెండ్లినెల యగుటకు మించి తిరునాళ్లకు వేఱు కారణ మక్కఱలేదేమో!

నందుఁడు, జాసో యను పేళ్లు విన్న చదువరికి నందయశోదలు తోఁపకపోరు. దండయాత్ర చేసిన తురుష్కుఁ డనవలసినవాఁడు గొల్లల పాటలో గోరక్షకుఁడై గోవులకొఱకుఁ బ్రాణమిచ్చినాఁడు. దీనిని జూచి, సత్యమును గప్పిపుచ్చిన మాయ యని యొకరును, సహజమైన మతైక్యమని మఱొకరును దేల్చివేయుదురు. రెండును దొందరపాటు మాటలే. పాటలో యుద్ధ మున్నది, చావున్నది, రాజుపై ద్వేషమున్నది, దేనిని గప్పలేదు. మార్చినది యుద్ధకారణమును మాత్రమే. దండనాథుఁడు రాజ్యమునకో మతమునకో పోరును. గొల్లవాఁడు తనకొఱకుఁ బోరినవానినే వీరుఁడనును. మన కాటమరాజుకథలో నెల్లూరిరాజుతోడి పోరునకు మూలము పసులమేఁతయే కదా. పలనాటి బాలచంద్రుఁడును మాంచాలను విడిచియే రణమునకుఁ బోయినాఁడు. కారెంపూడిలోఁ గార్తికమున వీరుల యాయుధములకుఁ బూజ నేఁటికిని జరుగుచున్నది. దేశమును, మతమును వేఱైనను, పసులకై పోరి, పెండ్లాము మొగము తనివిఁ జూడక చచ్చిన పిన్నవానిని గ్రామజనులు మఱవరు. ఇచ్చట నొకరినుండి యొకరు గ్రహించిరని నా యభిప్రాయము కాదు. ఒక్క తెఱఁగు జీవన మొక్క తెఱఁగు గాథను గన్నదనియే.

సుహల్‌దేవుని విషయమున నొక చిత్రమున్నది. మసూదును జంపి దేశమును గాచిన మహావీరుఁడని యాతనికి నేఁడు గౌరవము పెరుగుచున్నది. 2018లో నాతని పేర తపాలాబిళ్ల వెలువడినది. 2021 ఫిబ్రవరిలో బహరాయిచిచెంతనున్న చిత్తౌరాసరస్సునొద్ద స్మారకమునకు శంకుస్థాపన జరిగినది. రాజభరులు, పాసీలు మొదలగు పలుకులములవారు తమ పూర్వుఁడని చెప్పుకొందురు. ఆ పట్టుదలలోఁ దప్పేమియు లేదు. పెద్దల గ్రంథములలోఁ జోటు దొరకని వారు తమ రాజును వెదకికొనుట సహజము. కాని యా రాజు పేరు మనకు మొదటఁ గనఁబడుట మిరాతె మసూదీలోనే! గాజీని స్తుతింపఁబూనిన చిష్తీ భక్తుఁ డెదుటిపక్షమునకు నొక నాయకుఁడు కావలసి యాతనిని నిలిపినాఁడు. దుష్యంతుని శాకుంతలమునుండి విడఁదీసి, కాళిదాసును నమ్మమనుచు, దుష్యంతుని మాత్రము నమ్ముదు ననునట్లున్నది నేఁటి వాదము. గ్రంథము కల్లయైన నిరువురును గల్లయే; గ్రంథము నిజమైన నిరువురును నిజమే. ఒకని 1033లో నుంచి, యింకొకని జహంగీరు కాలమునకుఁ ద్రోయుట కుదరదు.

ఈ వివాదము పుస్తకములతో నాగలేదు. 2025లో సంభలు పట్టణమున నీటెల తిరునాళ్లకును, బహరాయిచిలో జ్యేష్ఠపు తిరునాళ్లకును నధికారులు సమ్మతి నిరాకరించిరి. సమాధియొద్ద నలవాటుగ జరుగు కర్మలకు న్యాయస్థాన మనుమతి యిచ్చినది. పక్షములు రెండును 1033నాఁటి యుద్ధమును గుఱించి మాటలాడినవి గాని, యా తేదీ యెచ్చటినుండి వచ్చినదో యడిగినవారు తక్కువ. తిరునాళ్లలో సారె మోసిన చేతులును, గాజులును మిఠాయిలును నమ్మిన యంగళ్లును బదునొకండవశతాబ్దివి కావు.

మసూదును సూఫీ యనుట యెంతవఱకుఁ జెల్లునన్న ప్రశ్న మిగిలియున్నది. హిందూదేశమున చిష్తీసంప్రదాయము పండ్రెండవశతాబ్ది చివరనే నాటుకొన్నది. ఏ గురుపరంపరలోను జేరని సేనానికి, ఉపదేశవాక్య మొక్కటియు లేనివానికి, సూఫీశబ్దము ముఖ్యవృత్తిచేఁ బొసఁగదు, గౌణముగనే యన్వయింపవలెను. చిష్తీయగు నబ్దుర్రహమాను తన సంప్రదాయమునకు నొక పూర్వరంగముగ నాతనిని గైకొన్నాఁడు. జనులు మాత్ర మీ శంకలు పెట్టుకొనక పీరనిరి. ఉత్తరదేశమున వెంట్రుకలు గట్టిన పొడుగాటి యీటెయే గాజీమియ్యాగాఁ బూజలందుచున్నది. మన తెలుఁగునాట మొహర్రమునందు నిట్లే, పీరనఁగా వృద్ధుఁడగు గురువని పారసీకార్థ ముండఁగా, చావడిలో నిలిపిన లోహపు జెండాయే పీరైనది. పీరులు నిలుచును, పీరులు లేచును, పీరులు గుండము త్రొక్కును. లక్షణకు నింతకంటె మంచి యుదాహరణము బడిపిల్లలకుఁ జూపలేము.

పాఠశాలలలోఁ జరిత్రము చెప్పు పండితులకు నొక చిన్న మనవి కలదు. మసూదునకో, సుహల్‌దేవునకో 1033 అను నంకెను బలకమీఁద వ్రాయునప్పుడు, దానిప్రక్క ‘జహంగీరుకాలపు గ్రంథము ననుసరించి’ అని చేర్చుఁడు. ఫిరోజి షా తల గొఱిగించుకొన్న 1374నకు మాత్ర మట్టి చేర్పు అక్కఱలేదు. గ్రీవెను వ్రాయించిన పాటలను, తరువాత నన్యులు సేకరించిన పాటలను బాఠాంతరములతో నొకచోఁ గూర్చి, నందుని భార్య పేరు జాసోగా నెచ్చట నున్నదో, జసోదగా నెచ్చట మాఱినదో చూపఁగలవారు పూనుకొన్నచో, నా సంస్కరణము మిరాతె మసూదీ కంటె మనకు నెక్కువ తెలుపును.